చచ్చిన పీత కుండెక్కదు

టబ్బు మూత తీసిన మరుక్షణం నూకమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది.

టబ్బు నిండా నీళ్ళు. అడుగున పన్నెండు పీతలు. ఒక్కోటి చాపిన అరచెయ్యంత డిప్పతో, గోళ్ళకి కట్టిన పురికొస కట్టినట్టే ఉండగా, కాళ్ళు బార్లా చాపి పడున్నాయి.

“ఈ నీళ్ళు ఎవులు పోసినారు?” అంది.

“నేనే ఒదినా.” గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ సురేంద్రనాథ్ కారు తాళాలు వేలికి తిప్పుతూ గర్వంగా చెప్పాడు. “రాత్రంతా బతికుండాలి కదా? రెండు గుప్పిళ్ళు ఉప్పు కూడా కలిపాను. సముద్రం నీళ్ళు ఉప్పగానే ఉంటాయిగా!”

సముద్రం మనుషులే వీళ్ళంతా. సురేంద్రనాథ్ తండ్రి పూసపాటిరేగ పక్కనుంచి వచ్చినవాడు. కానీ కొడుకు పుట్టింది భిలాయిలో, పెరిగింది భిలాయిలో. అతనికి సముద్రం అంటే హోటలు కిటికీలోంచి కనబడే నీలం రంగు. పీతని తడి గోనెలో చుట్టి నీడన పడేస్తే మూడు నాలుగు రోజులు బతుకుతుంది. టబ్బులో నీళ్ళు పోసి ముంచితే, ఆ నీళ్ళలో గాలి అయిపోయి తెల్లారేసరికి చస్తుంది. భీమిలి పక్క పల్లెల్లో ముక్కు చీదుకోవడం రాని పిల్లకి కూడా ఇది తెలుసు. విశాఖపట్నం నుంచి దుర్గ్ దాకా రైల్లో గోనె సంచిలో బతికొచ్చిన పీతల్ని ఈయన ఇంటికి తీసుకెళ్ళి, ప్రేమగా, ఉప్పేసి మరీ చంపాడు.

నూకమ్మ టబ్బు పక్కన చతికిలబడింది. ఒక్కో పీత కంటినీ వేలితో తాకి చూసింది. తాకితే కన్ను లోపలికి ముడుచుకుంటే ప్రాణం ఉన్నట్టు. మూడు ముడుచుకున్నాయి. తొమ్మిది ముడుచుకోలేదు. ఎత్తి చూస్తే వాటి కాళ్ళు తడిబట్టలా వేలాడాయి.

“తొమ్మిది సచ్చిపోనాయి. మూడే మిగిలినాయి.”

“పోతే పోనీ ఒదినా. నిన్న సాయంత్రం దాకా బతికున్నవేగా. ఫ్రెష్షే. మసాలా గట్టిగా దట్టించెయ్. ఎవడికి తెలుస్తుంది?” చేతిలో ఉన్న సంచి గట్టు మీద పెట్టాడు. “ఇవిగో నూడుల్స్. బ్యాంకాక్ నుంచి తెచ్చినవి. ఒంటిగంటకి వచ్చి కుండ పట్టుకెళ్తాను. ఎనిమిది మందిమి.”

మొన్న ఫిబ్రవరిలో సురేంద్రనాథ్ తన సాటి కాంట్రాక్టర్లు ముగ్గురితో కలిసి బ్యాంకాక్ వెళ్ళొచ్చాడు. అక్కడ మట్టికుండలో పీతలూ, వాటికింద గాజులా మెరిసే నూడుల్సూ తిన్నాడు. తిన్నవాడు తిని ఊరుకోవచ్చు కదా. “మా ఖుర్సీపార్ ఒదిన చెయ్యి పడితే ఇంతకంటే బాగుంటుంది” అని ఆ ముగ్గురితో పందెం కాశాడు. నూకమ్మ చేతిని పందెంలో పెట్టేముందు నూకమ్మని అడగలేదు. ఎప్పుడూ అడగలేదు.

పధ్నాలుగేళ్ళుగా ఇదే తంతు. నూకమ్మ మొగుడు జోగయ్య ఉక్కు ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ తలుపుల మరమ్మతు చేస్తాడు. పంతొమ్మిదేళ్ళ నుంచీ కాంట్రాక్టు కూలీయే, పర్మినెంటు కాదు. సురేంద్రనాథ్ అతని కాంట్రాక్టరు. ఏడాదికోసారి గేటు పాసు తిరిగి రాయించుకోవాలి. దానికి కాంట్రాక్టరు సంతకంతో లెటరు వెళ్ళాలి. లెటరు వెళ్ళకపోతే గేటు దగ్గర మెషిన్ ఎర్ర లైటు వేస్తుంది, మనిషి బయటే నిలబడతాడు. ఆ లెటరు మీద సంతకం పెట్టడానికి సురేంద్రనాథ్‌కి ఒక్క నిమిషం పడుతుంది. కానీ ఆ ఒక్క నిమిషాన్ని అతను నెల రోజులు సాగదీస్తాడు. ఆ నెలలో నాలుగు ఆదివారాలు వస్తాయి. నాలుగు ఆదివారాలూ ఖుర్సీపార్ బస్తీలో నూకమ్మ ఇంటిముందు అతని కారు ఆగుతుంది. మిగతా పదకొండు నెలల్లో కూడా ఆగుతుంది, కాకపోతే కాస్త తక్కువ.

అతనికి వంటిల్లు లేదా? ఉంది. నల్లరాయి గట్టు, పొగ లాగే చిమ్నీ, నాలుగు బర్నర్ల పొయ్యి. కానీ అతని భార్య ప్రసూనకి పీత వాసన పడదు. చేపల వాసన పడదు. కర్టెన్లకి పట్టేస్తుందట. నూకమ్మ ఇంటికి కర్టెన్లు లేవు కాబట్టి వాసన ఎంత పట్టినా ఫరవాలేదు.

వాసన పట్టింది కూడా. తనూజ పదో తరగతి లెక్కల పరీక్ష పొద్దున నూకమ్మ నాలుగు కిలోల వంజరం ముక్కలు వేయిస్తోంది. పిల్ల యూనిఫాంతో సహా చేపల కంపు కొట్టుకుంటూ పరీక్షకి వెళ్ళింది. వెనక బెంచీ వాళ్ళు ముక్కు మూసుకున్నారని సాయంత్రం వచ్చి ఏడ్చింది. ఆ రోజు వంట ఎందుకంటే, సురేంద్రనాథ్ బావమరిది కొత్త కారు కొన్నాడు.

ఇంతా చేయించుకుని అతనిచ్చేది ఒక్కటే, ‘ఒదినా’ అన్న పిలుపు. ‘మనం మనం ఒకటి’ అన్న మాట. పరాయివాడు వండమంటే ఎందుకు వండాలని అడగొచ్చు. ఒదినా అన్నవాణ్ణి ఏమని అడుగుతావు?

కానీ ఇవాళ నూకమ్మ అడగలేదు, చెప్పేసింది.

“సచ్చిన పీత నాను వొండను, సురేంద్రబాబూ.”

సురేంద్రనాథ్ తాళాలు తిప్పడం ఆపాడు. “అంటే?”

“అంటే ఏటి? తెలుగే కదా మాటాడినాను. బతికున్నయి మూడున్నాయి. మూడూ వొండుతాను. సచ్చినవి మీరు అట్టుకెల్లండి.”

“ఒదినా, ఎనిమిది మందికి మూడు పీతలేంటి? నా ఇజ్జత్ ఏం కాను?” అని అతను నూకమ్మని వదిలేసి, వాకిట్లో స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్న జోగయ్య వైపు తిరిగాడు. “జోగన్నా, సంఝావో భాయ్, నువ్వైనా చెప్పు. ఇవాళ్టితో నీ పాసు డేటు అయిపోతోంది కదా? రేపు పొద్దున్నే లెటర్ పంపిద్దామని సీలు కూడా కార్లోనే పెట్టుకు తిరుగుతున్నాను.”

అంత మెత్తగా అన్నాడు. కారెక్కి వెళ్ళిపోయాడు.

జోగయ్య టీ గ్లాసు కింద పెట్టి లోపలికొచ్చాడు. “వొండేయకపోనావా? బాగా కడిగి, ఉప్పూ పసుపూ అట్టించి…”

“నువ్వు తింటావేటి?”

“నాను తినడానికా? ఆలు తింటారు.”

“ఆలు తిని కక్కుకుంటే ఎవుల్నంటారు? పీతనంటారేటి? నీల్లోసినోణ్ణంటారేటి? నూకమ్మ సేతి వొంట అంటారు.”

ఈ మాట ఊరికే రాలేదు. పందొమ్మిదేళ్ళ వయసులో పెళ్ళై భిలాయి వచ్చిన మొదటి ఏడాది, అత్త అప్పలనరసమ్మ బజారులో చవగ్గా వచ్చాయని చచ్చిన పీతలు తెచ్చింది. నూకమ్మ తండ్రి పడవ మీద పుట్టి పెరిగినవాడు. ఊపిరి లేని పీతకి కుండ చూపకూడదని ఆ ఇంట్లో ఆడపిల్లలకి అన్నప్రాశన నాటి నుంచే చెబుతారు. పీత చచ్చిన గంటల్లోనే లోపల కండ కరగడం మొదలెడుతుంది. నూకమ్మ అదే చెప్పింది. “నిన్నగాక మొన్నొచ్చిన కోడలు నాకు నేర్పుద్దేటి!” అని అత్త ఇంతెత్తున లేచింది. నూకమ్మ వండింది. సాయంత్రానికి ఇంటిల్లిపాదీ వాంతులు. మావగారికి సెలైను ఎక్కించారు. అత్త తెచ్చిన పీతల సంగతి అత్త చెప్పలేదు. జోగయ్య కూడా చెప్పలేదు. ‘కొత్త కోడలు వండింది’ అన్న ముక్క మాత్రం మూడేళ్ళపాటు ప్రతి పెళ్ళిలోనూ, ప్రతి పేరంటంలోనూ తిరిగింది. మళ్ళీ తన చేతికి మంచిపేరు తెచ్చుకోవడానికి నూకమ్మకి పదేళ్ళు పట్టింది. ఆ పేరు వచ్చిన మర్నాడే సురేంద్రనాథ్ వచ్చాడు.

“అప్పుడూ నువ్వు ఇలాగే నిలబడ్డావు, గోడలాగ” అంది జోగయ్యతో.

“పాతికేల్ల మాట ఇప్పుడెందుకే? పాసు రాకపోతే ఏటి తింటావు?”

“పాసుంటే ఏటి తింటన్నాం? ఆడి ఎంగిలి గిన్నెలు తోముతున్నాం.”

తనూజ మంచం మీంచి లేచొచ్చింది. ఇరవై ఏళ్ళ పిల్ల. సివిక్ సెంటర్ దగ్గర ఒక సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తుంది. తెలుగుకంటే హిందీ వేగంగా వస్తుంది, కోపం ఆ రెంటికంటే వేగంగా వస్తుంది. టబ్బులోకి తొంగిచూసి ముక్కు మూసుకుంది. “ఛీ! అంకుల్ పాగల్ హై క్యా? ఇది వీధి నాలీలో, మురుగులో పడేస్తాను.”

“పడీకు. ఆడి సొమ్ము ఆడికే ఇచ్చేద్దాం. ఆ పాకెట్టు మీద ఏటి రాసుందో సూడు.”

తనూజ ఫోన్‌లో వెతికింది. “పెసలతో చేస్తారంట అమ్మా. పెసర పిండిలోంచి తీసిన గంజితో. నెయ్యిలో వేయించొద్దు, సేమియా కాదిది. చల్లనీళ్ళలో నానబెట్టాలంట, పది మినిట్.”

ప్యాకెట్టు విప్పితే లోపల తెల్లగా, బిరుసుగా, కండెకి చుట్టిన నైలాను దారంలా ఉన్నాయి. వల దారమే అనుకుంది నూకమ్మ. దీన్ని తినడానికి విమానమెక్కి వెళ్ళారా! గిన్నెలో నీళ్ళు పోసి పడేసింది. కోపం ఇంకా చేతుల్లోనే ఉంది. ఆ కోపంతోనే రోట్లో వెల్లుల్లి, మిరియాలు, కొత్తిమీర వేళ్ళు వేసి దంచింది. ఒక్కో దెబ్బకీ గోడ మీద గంటెలు గలగల్లాడాయి.

“సాస్ వేస్తారంట” అంది తనూజ.

“సందు సివర చౌమీన్ బండి దుర్గాదేవి దగ్గర నల్ల సాసు ఒక గరిటెడు అడిగి పట్రా.”

బతికున్న మూడు పీతల్నీ బయటికి తీసింది. వాటి మీద మాత్రం కోపం లేదు. కడుపు కింది రేకు ఎత్తి సన్న కత్తితో ఒక్క పోటు. కాళ్ళు ఒకసారి ముడుచుకుని సడలాయి. డిప్ప విప్పి, పక్కల్లో ఉండే బూరులాంటి మొప్పలు తీసి పారేసి, డిప్పలోని పసుపు పచ్చటి కొవ్వు చెంచాతో గీకి వేరే గిన్నెలో పెట్టుకుంది. గోళ్ళు రోకలితో చితక్కొట్టింది. కుండ పొయ్యి మీద పెట్టి నూనె పోసి, చక్రాల్లా తరిగిన అల్లం, దంచిన ముద్ద వేసింది. ఘాటు వీధి చివరి దాకా పోయింది. పీత ముక్కలు, కొవ్వు, నల్ల సాసు, చిటికెడు పంచదార, గ్లాసుడు నీళ్ళు. పైన నానిన గాజు సేమియా పరిచి మూత పెట్టి, మూత మీద రుబ్బురాయి పొత్రం ఎక్కించింది.

పావుగంటకి మూత తీస్తే, నైలాను దారాలు పోయాయి. వాటి జాగాలో తేనెరంగు పోగులు నిగనిగలాడుతున్నాయి. పీత ఊరిన రసమంతా అవే తాగేశాయి. కుండ అడుగున చుక్క పులుసు లేదు. ఎర్రబడ్డ పీత గోళ్ళు వాటిమధ్యలోంచి పైకి చూస్తున్నాయి.

నూకమ్మ ఒక పోగు నోట్లో వేసుకుంది. బాగుంది. బాగుండటంతో ఒళ్ళు ఇంకా మండింది. ఇంత బాగున్నది కూడా ఈ గుమ్మం దాటి పోవాలా?

సరిగ్గా ఒంటిగంటకి కారు వచ్చింది. సురేంద్రనాథ్ లోపలికి వస్తూనే ముక్కుపుటాలు ఎగరేశాడు. “వాహ్ ఒదినా! నాకు తెలుసు నువ్వు చేస్తావని.” కుండ మూత తీశాడు. లెక్కపెట్టాడు. అతని మొహంలో నవ్వు మెట్టు మెట్టుగా దిగిపోయింది.

“మిగతావి?”

“మీ కారు ఎనక సీట్లో టబ్బుంది. ఇప్పుడే తనూజ ఎట్టొచ్చింది. తొమ్మిదీ ఉన్నాయి, లెక్కెట్టుకోండి.”

“సీట్లోనా!” అతను గబగబా బయటికి పోయి, తలుపు తీసి చూసి, రెట్టింపు ఎర్రబడి తిరిగొచ్చాడు. “తమాషాగా ఉందా నీకు? ఏడుగురు కూర్చుని ఉన్నారక్కడ! మీ మావగారి సెలైను సంగతి ఖుర్సీపార్ అంతా తెలుసు. అలాంటి చెయ్యిని నేను పైకి తీసుకొచ్చాను. గుర్తుందా?”

ఈ మాటతో వాకిట్లో ఉన్న జోగయ్య లేచి నిలబడ్డాడు. నూకమ్మ అతని వైపు చూడలేదు. ఎప్పుడూ లేవని మనిషి, లేచినా ఏమంటాడులే అనుకుంది.

“అవి మా అమ్మ తెచ్చిన పీతలు” అన్నాడు జోగయ్య.

గుమ్మం దాకా వచ్చి మళ్ళీ అన్నాడు. “సచ్చిన పీతలు మా అమ్మ తెచ్చినాది. ఇది వొద్దని సెప్పినాది. నాను అక్కడే ఉన్నాను బాబూ. నోరిప్పలేదు, అంతే.”

“ఎవడడిగాడు నిన్ను?”

“ఎవులూ అడగలేదు. అందుకే ఇన్నేల్లూ సెప్పలేదు.”

సురేంద్రనాథ్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. “సరే. ఆ మూడు పీతలూ మీరే మెక్కండి. రేపు గేటు దగ్గర ఎర్ర లైటు వెలిగినప్పుడు అరిగిపోతాయి.” కారు తలుపు గట్టిగా వేసుకున్నాడు. కానీ వెనక సీట్లో కంపు కాబోలు, వంద గజాలు పోకుండానే నాలుగు అద్దాలూ కిందికి దిగాయి.

ఆ మధ్యాహ్నం ముగ్గురూ నేలమీద కూర్చుని తిన్నారు. పధ్నాలుగేళ్ళలో మొదటిసారి వండిన కుండ వండిన ఇంట్లోనే ఖాళీ అయింది. తనూజ పీత గోళ్ళు పళ్ళతో పటపట కొరుకుతుంటే ఆ చప్పుడే మాట. నూకమ్మ జోగయ్య కంచంలో రెండో పీత గోరు వేసింది, విసురుగా. “పాతికేల్లు పట్టినాది ఆ ముక్క సెప్పడానికి” అంది. క్షమించినట్టు లేదు. క్షమించలేదు కూడా.

సోమవారం జోగయ్య గేటు నుంచి ఏడున్నరకే తిరిగొచ్చాడు. ఎర్ర లైటే. వచ్చి టిఫిన్ డబ్బా కింద పెట్టి, చెప్పులు విప్పకుండా గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నూకమ్మ తిట్లకి సిద్ధంగా ఉంది. అతను తిట్టలేదు. అదీ కోపం తెప్పించింది ఆమెకి.

“ఏటలా కూకున్నావు? తలుపుల పని సాహు కూడా సేయిస్తాడు కదా? రెండేల్ల బట్టి రమ్మంటన్నాడని నువ్వే అన్నావు.”

“సాహు మనోడు కాదే.”

“మనోడు ఏటి సేసినాడో సూసినావు కదా! ఇంకా ఎంతమంది మనోల్లు కావాలి నీకు?”

జోగయ్య చెప్పులు ఇంకా కాళ్ళకే ఉన్నాయి. అలాగే లేచి సాహు దగ్గరికి వెళ్ళాడు.

సాహు దుర్గ్ అవతలి పల్లె నుంచి వచ్చిన ఛత్తీస్‌గఢీ కాంట్రాక్టరు. జోగయ్యని చేతిపని చూపించమనలేదు. ఆ చెయ్యి ఎలాంటిదో ఓవెన్ల దగ్గర పనిచేసే వాళ్ళందరికీ తెలుసు. “కాగితాలు తే కకా” అన్నాడు, బాబాయిని పిలిచినట్టు. అంతే. పోలీసు వెరిఫికేషను, డాక్టరు పరీక్ష, సేఫ్టీ ట్రైనింగు, అన్నీ మళ్ళీ మొదట్నుంచి. పద్నాలుగు రోజులు పని లేదు. ఆ పద్నాలుగు రోజులూ ఇల్లు తనూజ జీతం మీద నడిచింది. నూకమ్మ రోజూ ఎవరో ఒకరి మీద అరిచింది. గ్యాసు మీద, పాలవాడి మీద, జోగయ్య మీద. నిద్రలో కూడా పళ్ళు కొరికిందని తనూజ చెప్పింది. తప్పు చేశానా అన్న మాట మాత్రం ఒక్కసారి కూడా ఆమె నోట రాలేదు. మనసులో వచ్చిందేమో, వస్తే దాని మీద కూడా అరిచే ఉంటుంది.

తొమ్మిదో రోజున సురేంద్రనాథ్ ఫోన్ చేశాడు. ఓవెన్ తలుపులు రెండు సరిగ్గా మూసుకోవడం లేదు, మంట బయటికొస్తోంది, అతని దగ్గరున్న కుర్రవాళ్ళకి చెయ్యి తిరగడం లేదు.

“జోగన్నా, జరిగిందేదో జరిగింది. లెటర్ రెడీగా ఉంది. ఒదినని ఒక్క మాట సారీ అనమను, చాలు. మనం మనం ఒకటి.”

నూకమ్మ పొయ్యి దగ్గర్నుంచి వింటోంది. చేతిలో అట్లకాడ అలాగే ఆగింది. జోగయ్య ఏమంటాడో ఆమెకి నిజంగా తెలీదు.

“ఒద్దు బాబూ” అన్నాడు జోగయ్య. “సాహు దగ్గర కాయితం ఇచ్చేసినాను.” ఫోను పెట్టేసి జేబులో వేసుకున్నాడు.

పదిహేనో రోజు పొద్దున కొత్త పాసు మెళ్ళో వేసుకుని వెళ్ళాడు. పచ్చ లైటు వెలిగింది. సాయంత్రం ఒళ్ళంతా మసితో ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుంటూ అన్నాడు. “ఆదివారం సాహు ఆల్లింటికి రమ్మన్నాడు. మనవడు పుట్టినాడంట. నిన్ను కూడా అట్టుకు రమ్మన్నాడు.”

నూకమ్మ మొహం బిగిసిపోయింది. బిందె కింద పెట్టింది.

“వొండడానికా, తినడానికా?”

జోగయ్య నీళ్ళు పోసుకోవడం ఆపాడు. “అది… అడగలేదే.”

“రేపు అడిగి రా” అంది నూకమ్మ. “అడిగినాకే పెట్టిలోంచి మంచి సీర తీస్తాను.”